రోహిణి ఎండకూ కార్తీక వానకూ ఒకే మిద్దె

(తిరుపతిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరు మీద మాట్లాడమని పాత విద్యార్థులు అడిగినప్పుడు సరేనన్నాను కానీ, ఆయన గురించి ఎక్కువ చెప్పనని ముందే మాట తీసుకున్నాను. పొగడ్త అంటే ఆయనకు గిట్టదు. మాకు ఆయన నేర్పింది ఇళ్లు కట్టే విద్య. పుస్తకంలో ఉన్నది మీరే చదువుకోండని వదిలేసి, తరగతిని తరగతిగా కట్టుబడి జరిగే చోటికి నడిపించుకుపోయేవారు. ఏ ఇంటికైనా రెండు పరీక్షలు పెట్టమనేవారు. ఒకటి, మే నెల రాత్రి పదింటికి స్టూలెక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూడటం. రెండోది, నవంబరులో ముసురు పట్టిన మూడోనాడు స్లాబూ గోడా కలిసేచోట చెమ్మ ఉందా అని చూడటం. మొదటి పరీక్షలో తప్పిన ఇల్లు రెండోదాంట్లో నెగ్గడం చాలా అరుదు. ఈ మాటనే ఇవాళ కొంచెం విడమరిచి చెబుతాను.

ముందు వాన సంగతి. ఎందుకంటే మన ఊరు దాన్ని ఎప్పుడూ శత్రువుగా లెక్కపెట్టలేదు. తిరుపతిలో రెండు తరాలుగా ఇల్లు కట్టిన ప్రతివాడూ నీళ్లు లేకపోవడానికి భయపడే కట్టాడు. కల్యాణి డ్యాం ఎండితే ఏంగతి, తెలుగుగంగ నీళ్లు రాకపోతే ఏంగతి, ట్యాంకరు ఎప్పుడొస్తుంది, వస్తే ఎక్కడ పోయించుకోవాలి? ఈ భయంతోనే ఇంటింటికీ సంపు వచ్చింది. స్థలం చిన్నదైతే సంపు లోతుకు పోయింది. సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి దించి, కింద కాంక్రీటు వేసి మూసేస్తే చాలు, నాలుగడుగుల జాగాలో వేల లీటర్లు నిలవ చేసుకోవచ్చు.

2021 నవంబరు వానల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పేపర్లలో వచ్చింది, ఫోన్లలో తిరిగింది. ఒక ఇంటావిడ సంపులోకి దిగి శుభ్రం చేస్తుంటే, ఆ సంపు ఉన్నపళంగా భూమిలోంచి పైకి లేచింది. 18 వరలు, ఇరవై అయిదడుగుల లోతు సంపు. చూడటానికి జనం విరగబడ్డారు. కొందరు దణ్ణాలు కూడా పెట్టారని విన్నాను, తిరుపతి కదా. విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి కారణం చెప్పి వెళ్లారు.

ఆ కారణం మనమే లెక్క వేసి చూద్దాం. వర బయటి వ్యాసం నాలుగడుగులు, లోతు ఇరవై అయిదడుగులు అనుకోండి. అది ఆక్రమించిన జాగాలో పట్టే నీళ్ల బరువు దాదాపు తొమ్మిది టన్నులు. నేల పైదాకా నీళ్లు ఊరి ఉంటే, అంత బరువుతో భూమి దాన్ని పైకి తోస్తుంది. రెండంగుళాల మందం వరలన్నిటి బరువూ కలిపితే మూడున్నర టన్నులకు మించదు. లోపల నీళ్లు నిండుగా ఉంటే ఆ బరువూ తోడై సంపు కదలదు. శుభ్రం చేద్దామని తోడేశామా, ఖాళీ కడవలా తేలుతుంది. కరువు కోసం కట్టుకున్నది వరదకు తేలింది. వాన ముసురు పట్టి నేల నానిపోయి ఉన్న వారాల్లో సంపు ఖాళీ చెయ్యొద్దు అనే ఒక్క ముక్క ప్రతి ఇంటికీ చేరితే చాలు, దానికి పైసా ఖర్చు లేదు. ఇక కొత్తగా కట్టేవాళ్లు అడుగు పలకను వరల కంటే అడుగు వెడల్పుగా వేసి, ఆ అంచు మీద మన్ను కూరాలి. ఆ మన్ను బరువే లంగరు.

ఆ నవంబరులో సంపు ఒక్కటే కాదు కదా కదిలింది. తిరుచానూరు వైపు స్వర్ణముఖి గట్టున ఒక డాబా ఇల్లు నిలువునా ఏట్లోకి ఒరిగిపోయింది. నీవా నది పొంగి చిత్తూరు ఊళ్లోకి వచ్చింది. రాయలచెరువు కట్ట జారుతోందని కింది పల్లెలన్నీ ఖాళీ చేయించారు. విజయనగరం నాటి చెరువు, అదృష్టం కొద్దీ నిలబడింది. పక్క జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నిలబడలేదు, ఆ మరణాలు మీకు తెలుసు. డిసెంబరు ఒకటిన తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు దొర్లిపడ్డాయి. అలిపిరి మెట్ల దారి ఏరైన రోజులవి.

ఇదంతా వాతావరణ మార్పేనా అని అడుగుతారు. ఫలానా వానకు ఫలానా కారణమని వేలు పెట్టి చూపడం శాస్త్రవేత్తలకే కష్టం. కానీ ఒక లెక్క మాత్రం గట్టిది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూమి ఇప్పటికే 1.1 డిగ్రీలు వేడెక్కిందని ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. బంగాళాఖాతం మనకు పొరుగిల్లు. అక్కడి వాయుగుండం ఎక్కువ నీళ్లు మోసుకొచ్చి శేషాచలం కొండలకు కొట్టుకుంటే, ఆ నీళ్లన్నీ దిగేది ఊళ్లోకే. అదే గాలి మే నెలలో నీళ్లు లేకుండా వస్తే ఏమవుతుందో 2015లో చూశాం. ఆ వేసవి వడదెబ్బకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో, రోడ్లమీద పనిచేసేవాళ్లే. కానీ వయసు మళ్లినవాళ్లు ఇంట్లో ఉండి కూడా పోయారు. ఆ ఇంటి గురించే నా బాధ.

మనం కడుతున్న ఇల్లు ఎలా ఉంటుంది? నాలుగైదంగుళాల స్లాబు, దాని మీద ఏమీ లేదు. పిట్టగోడ, ట్యాంకు, బట్టలారేసే తీగ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. బూడిదరంగు సిమెంటు స్లాబు ఆ ఎండకు మధ్యాహ్నం అరవై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి మూడు గంటలు తిరక్కుండానే అడుగుకు దిగుతుంది. సూర్యుడు దిగాక బయట గాలి చల్లబడుతుంది, స్లాబు చల్లబడదు. పగలంతా తాగిన వేడిని రాత్రంతా మన నెత్తిన కక్కుతుంది. మాస్టారు రాత్రి పదింటికి చెయ్యి పెట్టి చూడమన్నది ఇందుకే. పగలు వేడిని మనిషి తట్టుకుంటాడు, నీడకు పోతాడు, మజ్జిగ తాగుతాడు. రాత్రి ఒళ్లు చల్లబడకపోతే మర్నాటికి గుండె తట్టుకోదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ స్లాబు వేడికి వ్యాకోచిస్తుంది. పది మీటర్ల పొడవు స్లాబు ముప్ఫై డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మధ్యాహ్నం పెరిగి, తెల్లారేసరికి తగ్గి, మళ్లీ పెరిగి, ఇలా వేసవి అంతా. దానికింద ఉన్న ఇటుకగోడ అంత పెరగదు, పైనున్న పిట్టగోడకు దాని లెక్క దానిది. ముగ్గురూ మూడు దారులు పట్టినచోట వెంట్రుక మందాన చీలిక వస్తుంది. అది మేలో ఎవరి కంటా పడదు. నవంబరులో దాంట్లోంచి నీళ్లు దిగుతాయి, గోడ మీద పటం గీసినట్టు చెమ్మ కనిపిస్తుంది. అప్పుడు మేస్త్రీని పిలిచి వాటర్ ప్రూఫింగ్ అంటాం. ఆయన అతుకు మీద ఏదో పూసి డబ్బులు తీసుకుని పోతాడు. మరుసటి వేసవికి అది మళ్లీ చీలుతుంది. జబ్బు ఎండది, మందు వానకు వేస్తున్నాం. లోపల కమ్ములు తుప్పు పట్టి ఉబ్బి, కింద పెచ్చులు ఊడేదాకా ఈ కథ నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి ఎండ నుంచి స్లాబును కాపాడితే వాన నుంచి సగం కాపాడినట్టే. మన పెద్దలకు ఇది తెలుసు. కానీ ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఇల్లు అనగానే కళ్లు చెమర్చేవాళ్లలో నేను లేను.

మదనపల్లె, పుంగనూరు వైపు మట్టి మిద్దె తీసుకోండి. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెపుల్లలో బండలో పరిచి, ఆకూ అలమూ వేసి, జానెడు మందాన మన్ను తొక్కి, పైన చవుడు పరిచేవాళ్లు. వెలుతురుకూ పొగకూ ఒక గవాచి. చవిటి మన్నులో ఉప్పు గుణం ఉంటుంది. తడి తగలగానే దాని బంకరేణువులు విడివడి సందుల్ని పూడ్చేస్తాయి, నీళ్లు దిగవు. ఎంత తెలివి చూడండి, చేలో పంట రానివ్వని మన్నే ఇంటికి కవచం. రెండడుగుల మట్టిగోడ పగటి వేడిని లోపలికి రానిచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఎండకు ఆ ఇంటిని మించింది లేదు.

వానకు? ఒక పూట గట్టివాన పడి పోతే దానికేమీ కాదు. నాలుగు రోజుల ముసురు పడితే మన్ను నాని టన్నుల బరువవుతుంది, గోడ పాదం మెత్తబడుతుంది, అర్ధరాత్రి కూలుతుంది. మిద్దె కూలి ఇంటిల్లిపాదీ పోయిన వార్త సీమలో ప్రతి ముసురుకీ చదువుతూనే ఉన్నాం. ఆ ఇల్లు తక్కువ వానల సీమకు పుట్టింది. తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు సముద్రపు వాన ఎక్కువ గనుక అక్కడ ఏటవాలు పూరికప్పులూ పెంకులూ. పాత చిత్తూరు జిల్లా ఒక్కదాంట్లోనే రెండు రకాల ఇళ్లు, వాన గీసిన గీత ప్రకారం. ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది. అందుకే పాత ఇంటిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే లాభం లేదు, దాంట్లోని పొరల తెలివిని తెచ్చుకోవాలి.

చంద్రగిరి రాజమహల్ చూడండి. మూడంతస్తులు, రాయీ ఇటుకా సున్నమూ తప్ప కట్టె ముక్క వాడలేదు. ఎండా వానా రెండూ తిని నిలబడింది. మందపు గోడలు, కమానులు, చుట్టూ తిరిగే నీడ. అయితే అది రాజుగారి ఖజానాతో కట్టింది. తెల్లదొరలదైతే ఇంకో దారి: 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్లీ వేసవి పడలేక నాలుగువేల అడుగుల కొండెక్కి బంగళా కట్టుకున్నాడు. మనకు కొండా లేదు, ఖజానా లేదు. మనకు పనికొచ్చేది మధ్యతరగతి పద్ధతి ఒకటి ఉంది, సురికి.

మద్రాసు పక్కనే ఉన్నందువల్ల మన ఊళ్లకు ఇది బాగా అబ్బింది. స్లాబు మీదో, కట్టె దూలాల ఇటుక కప్పు మీదో, ఇటుక కంకరనూ గానుగ సున్నాన్నీ కలిపి మూడు నాలుగంగుళాల మందాన వేస్తారు. వానతూము వైపు వాలు ఈ పొరలోనే తేలాలి. తర్వాత ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య పలకలతో కొడతారు. ఒకరోజు కాదు, రోజుల తరబడి. కొడుతున్నంతసేపూ కరక్కాయలు నానేసిన నీళ్లూ బెల్లం నీళ్లూ చిలకరిస్తుంటారు. మొదట దబ్‌దబ్‌మని మెత్తగా పలికే కప్పు, గట్టిపడేకొద్దీ ఖంగుమంటుంది. మేస్త్రీ దూరంగా బీడీ కాల్చుకుంటూ చప్పుడు వింటాడు. పలక కప్పుమీద పడి ఎగిరి వస్తున్నదని తెలిసినప్పుడే ఆపమంటాడు. దాని మీద చదరపు మట్టిపెంకులు పరిచి సందులు మూస్తే, ముప్ఫై నలభై ఏళ్లు ఆ ఇల్లు కారదు. సున్నం సిమెంటులా పెళుసు కాదు, కాస్త సాగుతుంది, సన్న చీలికను తనే పూడ్చుకుంటుంది. ఇటుక కంకరలో గాలి గదులుంటాయి, వేడి నెమ్మదిగా దిగుతుంది. ఒకే పొర, ఎండకూ వానకూ.

ఎందుకు పోయింది మరి? కూలి ఖర్చు. అన్ని రోజులు ఎవరు కొడతారు? బస్తా సిమెంటు తెస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలు మనకు దగ్గర కూడా. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటుదే అంటారు, ఆ లెక్కన మనం వాడే ప్రతి బస్తా రేపటి ఎండను కొంచెం కొంటున్నట్టే. అయినా సిమెంటు మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. స్లాబు ఉండనివ్వండి. దాని నెత్తిన ఏదో ఒకటి కప్పండి అనేదే నా మాట.

అన్నిటికంటే చవకైన కప్పు తెల్లరంగు. దీనికి రుజువు కావాలంటే తిరుమల మాడవీధులకు వెళ్లండి. వేసవిలో టీటీడీ వాళ్లు అక్కడ తెల్లటి కూల్ పెయింట్ వేయిస్తారు. చెప్పుల్లేకుండా నడిచే భక్తుడు రంగు వేసిన చోటి నుంచి వెయ్యని రాతిమీదికి అడుగు పెట్టి, వెంటనే కాలు వెనక్కి తీసుకుంటాడు. థర్మామీటరు అక్కర్లేదు. హైదరాబాదు దేవరకొండ బస్తీలో 2017లో పేదల ఇళ్లమీద చల్లటి కప్పులు (కూల్ రూఫ్) వేసి కొలిస్తే ఇంట్లో వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఆ అనుభవంతోనే తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకూ, వాణిజ్య భవనాలకూ, సర్కారు కట్టే పేదల ఇళ్లకూ అది తప్పనిసరి. మనకూ ఇంధన పొదుపు భవన నియమావళి 2014 నుంచీ ఉంది. అది పెద్ద భవనాల చుట్టూనే తిరుగుతుంది. మన సందుల్లోని ఇంటిని అది పలకరించదు.

తెల్లరంగుకు ఒక చిక్కుంది. దుమ్ము పడితే దాని పని సగం పోతుంది. ఏటా ఎండలకు ముందు కడగాలి, రెండుమూడేళ్లకోసారి మళ్లీ వెయ్యాలి. సున్నం అయితే ఏటా కొట్టాలి, వానకు కరిగిపోతుంది. చవకగా అయిపోవాలంటే ఒళ్లు వంచాలి. ఆ ఓపిక లేనివాళ్లు తెల్ల టైలు ముక్కలు పరిపించుకోండి, ఎన్నేళ్లయినా ఉంటాయి.

రేకుల ఇళ్ల సంగతి వేరే. సిమెంటు రేకు కింద మధ్యాహ్నం మనిషి ఉండలేడు, వాన పడితే మాట వినపడదు. మన ఊళ్లో యాత్రికుల లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, మిద్దెమీద రేకుల షెడ్డులో అద్దెకుండేవాళ్లు బోలెడు మంది. రేకు కింద చాప తడికెలతో గానీ మరోదాంతో గానీ అడుగు ఎడంగా ఇంకో కప్పు కట్టి, రెండు చివర్లా గాలి పోయే దారి వదిలితే వేడి ఆ సందులోంచే పోతుంది. పైన తెల్లరంగు సరేసరి.

ఏసీ గురించి అడుగుతారని తెలుసు. అవసరమైనవాళ్లు పెట్టుకోక తప్పదు, ముసలివాళ్లున్న ఇంట్లో అది ప్రాణరక్ష. కానీ కప్పు వేయని స్లాబు కింద ఏసీ పెట్టడం ఓటికుండలో నీళ్లు పోసినట్టే. పైగా ఆ వేడిని తీసుకెళ్లి పక్కింటి కిటికీలో పోస్తుంది.

నీళ్ల దారి గురించి రెండు మాటలు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద గంటలో పది సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిదివేల లీటర్లు, అంటే మామూలు ట్యాంకరుకు దాదాపు రెట్టింపు. మనవాళ్లు దానికి ఒక మూలన మూడంగుళాల గొట్టం పెడతారు, దాని మూతికి వేపాకులు అడ్డం. నీళ్లు పోలేదా, పిట్టగోడల మధ్య మిద్దె చెరువై కూర్చుంటుంది, తొమ్మిది టన్నుల బరువు. రెండు మూలలా గొట్టాలుండాలి. పైగా పిట్టగోడలో అరచెయ్యంత ఎత్తున ఒక మొరవ వదలాలి. చెరువుకు మొరవ పెట్టిన జాతి మిద్దెకు పెట్టడం మరిచింది. ఇక ఊరిలో వంక ఎటు పారేదో అటు ఇల్లు కట్టడం గురించి నేను చెబితే సభ తగాదాగా మారుతుంది. స్థలం కొనేముందు ఆ వీధిలో పుట్టి పెరిగిన ముసలాయన్ని ఒకరిని పట్టుకుని 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడగండి. ఆ గుర్తుకు రెండడుగుల పైన బేస్‌మట్టం పెట్టండి, కరెంటు మీటరూ మోటారు స్విచ్చీ ఇంకా పైన పెట్టండి. గాదంకిలో వాతావరణాన్ని కొలిచే జాతీయ ప్రయోగశాల మన పక్కనే ఉంది, యేర్పేడులో ఐఐటీ ఉంది. వాళ్ల లెక్కలు మున్సిపల్ ఇంజనీరు దగ్గరికీ, అక్కణ్ణుంచి మేస్త్రీ దగ్గరికీ రావాలి.

పేదల ఇళ్ల పథకాల్లో సెంటు, సెంటున్నర స్థలంలో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టించారు. శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో పట్టాలిచ్చిన 2020 డిసెంబరు నుంచి ఈ కాలనీలు ఎన్ని లేచాయో చూస్తున్నాం. ఇల్లు చిన్నదైతే కప్పు వేడి తప్పించుకోవడానికి ఇంకో గది ఉండదు. అక్కడ స్లాబు వేసిన రోజే తెల్లరంగు కూడా వేయించి లెక్కలో కలపాలి, తర్వాత వేసుకుంటారులే అంటే ఎవరూ వేసుకోరు.

ఎందుకు వేసుకోరో కూడా చెబుతాను. తిరుపతిలో అద్దె ఇళ్లెక్కువ. మిద్దె యజమానిది, వేడి అద్దెకున్నవాడిది. రంగు ఖర్చు ఒకడు పెట్టాలి, కరెంటు బిల్లు ఇంకొకడికి తగ్గాలి. ఏ యజమాని వేయిస్తాడు? ఇక్కడ శాస్త్రం పని చెయ్యదు, జేబు పని చెయ్యాలి. ఇంటిపన్ను ఏడాది మొత్తం ఏప్రిల్‌లో ఒకేసారి కట్టినవాళ్లకు మున్సిపాలిటీలు 5 శాతం రాయితీ ఇస్తున్నాయి. మిద్దెకు తెల్లరంగు వేసి, రెండు వానగొట్టాలూ బాగున్నాయని ఫోటో పెట్టినవాళ్లకు ఇంకో 5 శాతం తగ్గించవచ్చు. సచివాలయాల సిబ్బంది ఎలాగూ ఇంటింటికీ తిరుగుతున్నారు, ఫోటో అబద్ధమో నిజమో మేడెక్కి చూస్తే తేలిపోతుంది. ఏప్రిల్ అంటే ఎండలు ముదిరే ముందు నెల కూడా, రంగు వెయ్యడానికి అదే అదను. ఈ సభలో కార్పొరేషన్ నుంచి వచ్చినవాళ్లు ముందువరసలోనే ఉన్నారు. వచ్చే ఏప్రిల్‌కు ఒక్క వార్డులో మొదలుపెట్టి చూడమని వాళ్లను అడుగుతున్నాను.